కొనేవాళ్ళ మేస్త్రి

ముందు బరువైనవి. పని బూట్లు కాగితంలో చుట్టి అడుగున ఒక మూలకి, వాటి పక్కనే సబ్బుపెట్టె. ఆ తర్వాత ప్యాంట్లు, చాపలా చుట్టి నిలువుగా. చొక్కాల సంగతి వేరు. ఒక్కోటీ విడిగా మడవకూడదు. అన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి, నడుమ తువ్వాలు పెట్టి, మొత్తానికి కలిపి ఒకటే మడత వెయ్యాలి. అలా పెడితే రెండు రోజుల ప్రయాణంలోనూ నలగవు. మందుల పొట్లం పైన, చెయ్యి పెట్టగానే అందేలా.

సూదమ్మ పాతికేళ్ళుగా మొగుడి సంచీ ఇలాగే సర్దుతోంది. ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పట్లూ నర్సుల యూనిఫారాలూ కుట్టే మనిషి కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. మొగుడు క్రేను నడుపుతాడు. ఎక్కడ వంతెన కడుతుంటే అక్కడికి పోతాడు. పోయాడంటే ఐదు నెలలో, ఆరు నెలలో.

"దువ్వెన పెట్టావా?" అన్నాడు ఆయన, చెప్పులు వెతుక్కుంటూ.

"పెట్టకేం."

పెట్టలేదు. ఎప్పుడూ పెట్టదు. మనిషి రోజూ వాడే వస్తువు ఒక్కటైనా ఇంట్లో ఆగిపోతే, దానికోసమైనా ఆ మనిషి తిరిగొస్తాడని ఆమె నమ్మకం. ఇది ఎవరూ చెప్పింది కాదు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పనికోసం ఊరెళుతూ మేకుకి తగిలించిన గొడుగుతో సహా అన్నీ పట్టుకుపోయాడు. ఇక రాలేదు. అప్పట్నుంచీ ఎవరు బయల్దేరినా ఆమె కళ్ళు ఖాళీ మేకుల్నే వెతుకుతాయి.

ఆయనకీ ఈ సంగతి తెలుసు. తెలియనట్టు అడుగుతాడు, తెలియనట్టు వెళతాడు. వెళ్ళినచోట కొత్త దువ్వెన కొనుక్కుంటాడు, వచ్చేటప్పుడు తెస్తాడు. ఇంట్లో పందొమ్మిది దువ్వెనలున్నాయి. "నా నెత్తిమీద వెంట్రుకల కంటే మనింట్లో దువ్వెన పళ్ళే ఎక్కువ" అంటాడు.

ఈసారి మాత్రం ఆమె గుండె దువ్వెనతో కుదుటపడేలా లేదు. ఇంటి ఓనరు వాటా ఖాళీ చెయ్యమన్నాడు, నాలుగు నెలలు గడువిచ్చాడు. ఇది వాళ్ళకి తొమ్మిదో అద్దె ఇల్లు. ఇక మోసింది చాలు, ఉన్నదాంతో చిన్న ఇల్లు కొనేద్దామని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్న వారానికే ఆయనకి పని పిలుపు వచ్చింది.

"నేనొక్కదాన్నీ ఇల్లు కొనాలా? కిలో టమాటాలు కొంటేనే అడుగున రెండు కుళ్ళినవి వస్తాయి నాకు."

"ఒక్కదానివి ఎందుకవుతావు? గుండు మేస్త్రికి చెప్పాగా. రేపొస్తాడు. ఆయన వద్దన్నది కొనకు. ఆయన సరే అన్నా నీకు నచ్చకపోతే కొనకు. అంతే."

"అమ్మేవాళ్ళకి బ్రోకర్లుంటారు గానీ, కొనేవాళ్ళకి కూడా ఉంటారా?"

"ఉండరు. అందుకే ఈయన దొరికినందుకు సంతోషించు" అని సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. వాళ్ళ వాటా సందు చివర. పది అడుగులు వేస్తే మనిషి గోడ మలుపు తిరిగిపోతాడు. తొమ్మిది ఇళ్ళూ అలాంటివే. ఒక్కదాన్నుంచి కూడా రోడ్డు కనబడదు. ఆయన వెళ్ళడం పది అడుగులే చూసింది, రావడం గుమ్మంలోకి వచ్చాకే చూసింది.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. గుండు మేస్త్రి అంటే నున్నటి తలని ఊహించుకుంది. తీరా చూస్తే తల నిండా ఒత్తుగా తెల్లజుట్టు. అతని గుడ్డసంచీలో దారానికి కట్టిన ఇత్తడి గుండు ఉంది. గోడ నిలువుగా ఉందో లేదో చూసే గుండు. ఆ పేరు దానిది.

"ముప్ఫై ఏళ్ళు తాపీ పని చేశాను చెల్లెమ్మా. మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు కొనేవాళ్ళ వెంట తిరుగుతాను. ఏ గోడలో ఏ మోసం దాగుందో నాకు తెలుసు."

"ఎలా తెలుసు అన్నయ్యా?"

"కొన్ని నేనే దాచాను" అన్నాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "అమ్మేవాళ్ళ దగ్గర టీ కూడా తాగను. నా కూలి మీరిచ్చేదే. కొన్నా అంతే, కొనకపోయినా అంతే. ఇల్లు ఖరీదైనా అంతే, చవకైనా అంతే. అందుకే వద్దు అనడానికి నాకు నోరు తిరుగుతుంది."

మొదటి ఇంట్లో అతను నేల మీద గోళీ వదిలాడు. అది వంటగదిలోంచి దొర్లి, వసారా దాటి, వీధి గుమ్మం దగ్గర ఆగింది. "ఇల్లు నడుచుకుంటూ పోతోంది, మనం వెనకబడ్డాం" అన్నాడు.

రెండో ఇంట్లో ఆమెని వంటగదిలో నిలబెట్టి, "ఊఁ, వంట చెయ్యి" అన్నాడు.

"దేంతో?"

"ఉత్త చేతుల్తోనే. కూర కలుపు, నీళ్ళు పట్టు, వెనక్కి తిరిగి పళ్ళెం తియ్యి."

ఆమె సిగ్గుపడుతూనే గాలిలో గరిటె తిప్పింది, వెనక్కి తిరగబోతే మోచెయ్యి గోడకి టప్పున తగిలింది. "చూశావా, రోజుకి పదిసార్లు" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత అతను వాకిట్లో కూర్చున్న ఆ ఇంటి ముసలాయన పక్కన చతికిలబడి అరగంట కబుర్లు చెప్పాడు. లేచి వచ్చి, "పెద్ద వాన పడితే మంచంకోడు మునిగేదాకా నీళ్ళొస్తాయట. పద" అన్నాడు.

అది అతని పద్ధతి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళెవరో వాళ్ళతో విడిగా మాట్లాడందే బయానా ఇవ్వనివ్వడు. "ఇంటి గురించి కుర్రవాళ్ళకి ధర తెలుసు, పెద్దవాళ్ళకి కథ తెలుసు" అంటాడు.

ఏడు ఇళ్ళు అయ్యాయి. రెండు నెలలు గడిచాయి.

"అన్నయ్యా, నీకు నచ్చే ఇల్లు ఈ భూమ్మీద ఉందా అసలు?"

"నాకు నచ్చక్కర్లేదమ్మా. నీకు నచ్చాలి, నేను వంక పెట్టలేకపోవాలి. ఆ రెండూ ఒకే ఇంట్లో కలవాలి, అంతే."

ఎనిమిదో ఇల్లు ఆమె ఒక్కతే చూసింది. మేస్త్రి ఎవరిదో గోడ చూడటానికి పొరుగూరు వెళ్ళిన రోజున, జేబులో మూడు పెన్నులు పెట్టుకు తిరిగే ఒక బ్రోకరు ఫోన్ చేశాడు. "మేడమ్, ఇలాంటిది మళ్ళీ రాదు. సాయంత్రం వేరే పార్టీ వస్తోంది. చూసి వెళ్ళండి, చూడ్డానికి డబ్బులెందుకు?" కుట్టుగదిలో సెలవడిగి వెళ్ళింది.

రెండు గదులు, వంటిల్లు, వెనక మరో చిన్న గది, పెరట్లో కుళాయి. ముందు గదిలో కిటికీ. ఆమె కిటికీ తలుపు తోసింది, అక్కడే నిలబడిపోయింది. ఎదురుగా రోడ్డు. ఆ రోడ్డు నేరుగా పోయి పోయి, బస్సులాగే చోట మలుపు తిరుగుతోంది. అప్పుడే ఒక బస్సు ఆగింది. ఎవరో ముసలాయన దిగాడు, చేతిసంచీ ఇటునుంచి అటు మార్చుకున్నాడు, నడిచాడు. ఆయన దగ్గరకొచ్చి దాటిపోయేదాకా చూస్తూనే ఉంది. మనిషి రావడం అంతసేపు చూడొచ్చని ఆమెకి అంతవరకూ తెలియదు.

"వెలుతురు బాగుంటుంది మేడమ్" అన్నాడు పెన్నుల బ్రోకరు.

"ఊఁ" అంది. ఆ ఊఁలోనే సగం బేరం పోయిందని ఆమెకే తెలిసింది.

ఇల్లు అమ్ముతున్నది నలభై ఏళ్ళ మనిషి. దుకాణం మూతపడి, పెళ్ళాం ఉద్యోగం ఉన్న ఊరికి మకాం మార్చేస్తున్నాడు. మొహంలో నిద్రలేదు. అతనూ బ్రోకరూ ఏదో మాట్లాడుకోవడానికి డాబా మీదకి వెళ్ళారు. సూదమ్మ పెరడు చూద్దామని వెనక్కి వెళితే, చిన్న గది తలుపు తీసి ఉంది.

లోపల మంచం మీద డెబ్భై దాటిన పెద్దావిడ, ముందు నోరు తెరిచిన సంచీ. ఆవిడ చీరని నాలుగోసారి మడత పెడుతోంది, నాలుగోసారీ వంకరగానే వస్తోంది. కుడికన్ను మీద పాలపొరలా తెల్లగా ఉంది.

"ఎవరమ్మాయ్ అది?"

"ఇల్లు చూడ్డానికి..." అనబోయి ఎందుకో, "ఊరికే వచ్చాను పెద్దమ్మా. ఇలా ఇవ్వండి" అంది. మడత సరిగా పడని బట్ట చూస్తే ఆమె చేతులు ఆగవు. మంచం మీద కూర్చుని మొత్తం బయటికి తీసి మళ్ళీ మొదట్నుంచీ సర్దింది. బరువైనవి అడుగున, చీరలన్నిటికీ కలిపి ఒకటే మడత, మందులు పైన.

"అబ్బ, నీ చెయ్యి మిషనే!" అంది పెద్దావిడ. "మా మేనల్లుడి పెళ్ళాం సర్దితే సంచీ కడుపుతో ఉన్నట్టుండేది."

నవ్వుతూనే సూదమ్మ చెయ్యి అలవాటు చొప్పున ఒకచోట ఆగింది. గూట్లో చిన్న స్టీలు గ్లాసు. అంచు అరిగి, రోజూ పెదవి తగిలేచోట మెరుస్తోంది. దాన్ని తియ్యకుండా సంచీ జిప్పు లాగేసింది.

పెద్దావిడ ఉన్న కంటితో అది చూసింది. "అవున్లే, దాన్నుండనీ. పదిరోజుల్లో వచ్చేస్తానుగా. కంటి ఆపరేషనే కదా, కాశీయాత్రా ఏమన్నానా! వచ్చాక నా గ్లాసు నా గూట్లో ఉండాలి."

సూదమ్మ చెయ్యి ఇంకా జిప్పు మీదే ఉంది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆ సంగతి ఈవిడకి తెలియదు. తన చేతులతో తనే ఆవిణ్ణి ఇంట్లోంచి సర్ది పంపుతోంది.

రెండు రోజుల తర్వాత మేస్త్రితో కలిసి మళ్ళీ వెళ్ళింది. అతను గుండు వేలాడదీశాడు, గోడలు వేలి కణుపులతో తట్టాడు, గోళీ వదిలాడు. గోళీ వదిలినచోటే నిలబడింది. "పాతకాలం మేస్త్రి. మంచివాడు" అన్నాడు మెచ్చుకోలుగా. తర్వాత ఇంటాయన వైపు తిరిగి, "ఇంట్లో పెద్దవాళ్ళెవరు?" అన్నాడు.

"మా మేనత్త ఉంది. ఆపరేషనుకి ముందు కంటి పరీక్షలకి వెళ్ళింది. ఆవిడకి సరిగా వినపడదు కూడా."

"అయితే ఇంకోరోజు వస్తాం."

"రేపు మధ్యాహ్నందాకే మేడమ్. అవతలి పార్టీ డబ్బుతో కూర్చుంది" అన్నాడు పెన్నుల బ్రోకరు ఆమెతో, మేస్త్రి అక్కడ లేనట్టే.

రోడ్డు మీదకి వచ్చాక మేస్త్రి ఆగాడు. "ఇల్లు బంగారం. కానీ పెద్దావిడతో మాట్లాడకుండా బయానా ఇవ్వొద్దంటాను. ఆపైన నీ ఇష్టం. నువ్వు మొన్న వచ్చినప్పుడు కనబడిందా ఆవిడ?"

సూదమ్మ వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. "లేదన్నయ్యా" అంది.

మర్నాడు కుట్టుగదిలో తలగడ గలీబుకి నాలుగు వైపులా కుట్టేసింది. పక్క మిషను మీద కూర్చునే పిల్ల ఎత్తి చూపించి, "సూదమ్మా, తలగడ ఎటునుంచి దూర్చాలి, మంత్రమేసా?" అంది. అందరూ నవ్వారు. సూదమ్మ లేచి, పదకొండింటికి మేస్త్రి ఇంటికి వెళ్ళింది.

"నీతో అబద్ధం చెప్పాను" అంది గుమ్మంలోనే. గ్లాసు సంగతి, సంచీ సంగతి అంతా చెప్పేసింది. "తెలిస్తే నువ్వు వద్దంటావని చెప్పలేదు. నాకా కిటికీ కావాలన్నయ్యా."

తిడతాడనుకుంది. అతను స్టూలు జరిపాడు.

"కూర్చో. నీ మీద నాకు కోపమెందుకు? నచ్చిన ఇల్లు చూస్తే కొనేవాళ్ళ కళ్ళకి పొర వస్తుంది, అందరికీ వస్తుంది. ఆ పొర నాకు రాకూడదు, అందుకే నాకు కూలిస్తారు. కోపం ఆ ఇల్లమ్మే కుర్రాడి మీద కూడా వద్దు, ముందు కాగితం చూద్దాం."

ఆ రోజే రిజిస్ట్రారు ఆఫీసులో పాత నకలు తీయించాడు. ముప్ఫైయెనిమిదేళ్ళ కిందటి కాగితం. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది, ఆ కుర్రాడి తండ్రీ, పెద్దావిడా. తండ్రి పోయాడు. పెద్దావిడ సగం పెద్దావిడదే. బ్రోకరు చూపించిన పన్ను రసీదుల్లో మాత్రం ఆవిడ పేరు లేదు.

"ఆవిడ సంతకం లేకుండా కొంటే సగం ఇల్లే నీది. ఆ సగం కోసం కోర్టులో ఎన్నేళ్ళు తిరుగుతావో ఎవరూ చెప్పలేరు. అది కాగితం మాట. ఇంకో మాటుంది. పదిరోజులయ్యాక ఆవిడ వచ్చి తలుపు తడితే, తియ్యాల్సింది ఆ కుర్రాడు కాదు, బ్రోకరు కాదు. నువ్వు."

సూదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే వద్దనేద్దాం."

"అప్పుడే వద్దెందుకు? ఇప్పటిదాకా ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. అడుగుదాం."

మధ్యాహ్నం గడువు దాటిపోయింది. అవతలి పార్టీ ఎవరూ రాలేదు.

సాయంత్రం వెనక గదిలో అందరూ కూర్చున్నారు. మేస్త్రి కాగితం మంచం మీద పెట్టి, దాచకుండా చెప్పాడు. మేనల్లుడు తల ఎత్తలేదు. పెద్దావిడకి అన్నీ వినబడ్డాయి.

"అంటే, నా కన్ను బాగుచేయించి, ఆ కంటికి ఈ ఇల్లు కనబడకుండా చేద్దామనుకున్నావన్నమాట" అంది.

"అది కాదత్తా. ఆపరేషనయ్యాక మా ఊరు తీసుకెళ్ళి, అక్కడ నెమ్మదిగా చెబుదామని... ఇక్కడ చెబితే రానంటావని..."

"రాననే అంటాను. అనే హక్కు ఉంది కదా నాకు. అడిగితే సంతకం పెట్టనా, దొంగ వెధవా? నువ్వు అప్పుల్లో ఉన్నావని నాకు కనబడటానికి రెండు కళ్ళు కావాలా?"

అతను మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దావిడ అతని నెత్తిమీద ఒక్కటి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

"సంతకం పెడతాను. కానీ నేను బతికున్నంతకాలం ఈ గది నాది. ఎక్కడికి వెళ్ళినా తిరిగి ఇక్కడికే వస్తాను. ఈ అమ్మాయి ఒప్పుకుంటేనే."

పెన్నుల బ్రోకరు, "అలాంటివి కాగితంలో కుదరవండీ" అన్నాడు.

"కుదురుతాయి. ఒక పెన్ను ఇటివ్వు" అన్నాడు మేస్త్రి.

రాసే ముందు అతను సూదమ్మని పెరట్లోకి తీసుకెళ్ళాడు. "ఒక గది తగ్గితే ధర కూడా తగ్గాలి, అది నేను చూసుకుంటాను. కానీ ఇంకో మనిషితో ఇంట్లో ఉండటం నీ వల్ల అవుతుందా? మొహమాటంతో ఊఁ అనకు. నువ్వు కాదంటే నీ తరపున నేనే కాదంటాను, చెడ్డపేరు నాకొస్తుంది, నీకు రాదు."

సూదమ్మ ఆలోచించింది. అద్దె వాటాలో ఆరు నెలలు ఒక్కతే తినే రాత్రి భోజనాలు గుర్తొచ్చాయి. "అవుతుంది. ఆవిడ చీరలు మడత పెట్టి ఇస్తుంటాను" అంది. ఆ సాయంత్రమే మొగుడికి ఫోన్‌లో అంతా చెప్పింది. ఆయన అంతా విని, "మొత్తానికి ఇంటితోపాటు నీకు అత్తగారు కూడా దొరికిందన్నమాట. కానీయ్" అన్నాడు.

రిజిస్ట్రేషను రోజున ఆ వాక్యం మేస్త్రి చేత మూడుసార్లు చదివించుకుంది పెద్దావిడ. వెనక గది, దానికి వెళ్ళే దారి, గూడు, ఆవిడ జీవితకాలం ఆవిడవే అని ఉంది.

"కుళాయి రాశావా?"

"రాశానమ్మా. పెరట్లో కుళాయి కూడా."

"అయితే ఇలా తే" అని కళ్ళకి దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు సంతకం చేసింది.

మార్చి ఆఖర్న మేనల్లుడు కుటుంబంతో బయల్దేరాడు. ఆపరేషను కూడా ఆ ఊళ్ళోనే చేయిస్తానన్నాడు. పెద్దావిడ సంచీ మళ్ళీ సూదమ్మే సర్దింది. గ్లాసు గూట్లోనే ఉంచింది. పెద్దావిడ గుమ్మంలో ఆగి, "నా గది నువ్వు వాడేసుకునేవు, చీపురు తప్ప ఇంకేమీ లోపలికి రాకూడదు" అని వేలు చూపించి కారెక్కింది. కిటికీలోంచి సూదమ్మ ఆ కారుని మలుపు దాకా చూసింది. అది ఆ కిటికీలోంచి ఆమె చూసిన మొదటి వెళ్ళడం.

మేస్త్రి తన కూలి తీసుకుని, ఇది ఇప్పుడు అమ్మేవాళ్ళ ఇల్లు కాదు కాబట్టి ఇక్కడ టీ తాగొచ్చని రెండు గ్లాసులు తాగి వెళ్ళాడు.

జూలైలో మొగుడు వచ్చాడు. సూదమ్మ పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే ఉంది. బస్సు ఆగింది, సంచీతో ఆయన దిగాడు. దిగి వెంటనే నడవలేదు. సంచీ కింద పెట్టి, జేబులోంచి కొత్త దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ శ్రద్ధగా దువ్వుకుని, కాలరు సరిచేసుకుని అప్పుడు బయల్దేరాడు. పాతికేళ్ళుగా ఆయన ఇంటికి తల దువ్వుకుని వస్తున్నాడని ఆమెకి ఆ రోజు తెలిసింది. ఆయన గుమ్మం చేరేదాకా కళ్ళు తుడుచుకోవడానికి కావలసినంత సమయం ఉంది.

పెద్దావిడ కన్ను బాగుపడింది. నెలకి రెండుసార్లు ఫోన్ చేసేది. ఎండలు తగ్గాక వస్తానంది, తర్వాత వానలు తగ్గాక వస్తానంది. మేనల్లుడి పిల్లలు చెయ్యి వదలడం లేదని ఫిర్యాదు చేసేది, ఆ ఫిర్యాదులో బోలెడు సంతోషం. ప్రతిసారీ చివర్న ఒకటే ప్రశ్న.

"నా గ్లాసు ఉందా అమ్మాయ్?"

"గూట్లోనే ఉంది పెద్దమ్మా."

ప్రతి శనివారం సూదమ్మ ఆ గది ఊడ్చి, గ్లాసు తోమి బోర్లించేది. చీపురు తప్ప ఇంకేమీ లోపలికి తీసుకెళ్ళలేదు.

పెద్దావిడ తిరిగి రాలేదు. ఆ ఏడాది నవంబరు పద్నాలుగో తేదీ గురువారం పొద్దున, మేనల్లుడి ఇంట్లో పోయింది.